అసెంబ్లీలో స్ప్లైన్ గీయడానికి ఏ పద్ధతి, ఏ సాఫ్ట్‌వేర్, ఎవరికి?

క్యాడ్ అసెంబ్లీలో, అంటే పార్టులన్నీ కలిపి కంప్యూటర్‌లో కూర్చిన మెషిన్‌లో, సిలిండర్ కూర్చుంది, వాల్వ్ కూర్చుంది, బ్రాకెట్లకు మేట్స్ (పార్టులను ఒకదానికొకటి కట్టే సంబంధాలు) అన్నీ పడ్డాయి. మిగిలింది సిలిండర్‌నూ వాల్వ్‌నూ కలిపే హోస్ పైపు. తిన్నటి గీతలు, ఆర్కులు అయితే ఐదు నిమిషాల పని. హోస్ మాత్రం ఒక ప్లేన్‌లో ఉండదు. ఒక కొస పైకి చూస్తుంది, ఇంకో కొస పక్కకి తిరిగి ఉంటుంది, మధ్యలో ఛాసిస్ ఛానల్‌ను తప్పించుకుని పోవాలి. అక్కడే స్ప్లైన్ (పాయింట్లను బట్టి నున్నగా వంగే గీత) అవసరం పడుతుంది, చాలామంది ఆగిపోయేదీ అక్కడే.

స్ప్లైన్ టూల్ ఏ క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉంటుంది. గీయడం కూడా ఒక పూటలో వస్తుంది. తేల్చుకోవాల్సింది ఆ కర్వ్ ఎక్కడ ఉండాలన్నది: అసెంబ్లీలోనా, హోస్ పార్ట్ లోపలా, వేరే స్కెలిటన్ పార్ట్‌లోనా, రూటింగ్ మాడ్యూల్‌లోనా? ఇది తేలితే సాఫ్ట్‌వేర్ సంగతి సగం తేలినట్టే. అందుకే ఇక్కడ ముందు పద్ధతులను పోలుస్తాను, సాఫ్ట్‌వేర్లు ఆ తర్వాత.

ఉదాహరణకు ట్రాక్టర్‌కు తగిలించే లోడర్ మీద అరంగుళం (లోపలి వ్యాసం) హైడ్రాలిక్ హోస్ తీసుకుందాం. 2ఎస్ఎన్ రకం, లోపల రెండు పొరల స్టీల్ వైర్ అల్లిక ఉండేది. కూలెంట్ పైపుకైనా, బ్రేక్ కేబుల్‌కైనా, వైర్ల కట్టకైనా లెక్క దాదాపు ఇదే.

## ముందు చూడాల్సినవి

పక్క పార్ట్ జరిగితే కర్వ్ ఏం చేయాలి? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇది. వాల్వ్ బ్లాక్‌ను రేపు 40 మి.మీ. వెనక్కి జరిపితే హోస్ దానంతట అదే సర్దుకోవాలా, లేక ఉన్నచోటే ఉండి మీకు తేడా చూపించాలా? డిజైన్ ఇంకా మారుతున్నప్పుడు మొదటిది కావాలి. డ్రాయింగ్ రిలీజ్ అయ్యాక రెండోదే క్షేమం.

బెండ్ రేడియస్. అరంగుళం 2ఎస్ఎన్ హోస్‌కు యూరప్ వారి ఈఎన్ 853 ప్రమాణం ప్రకారం కనీస బెండ్ రేడియస్ 180 మి.మీ. ఆ కొలత వంపు లోపలి వైపున తీసుకునేది. మీరు గీసే స్ప్లైన్ మాత్రం హోస్ నడిమధ్య నుంచి పోతుంది. హోస్ బయటి వ్యాసం సుమారు 23 మి.మీ. అనుకుంటే అందులో సగం కలపాలి. అంటే స్క్రీన్ మీద స్ప్లైన్ కనీస రేడియస్ 192 మి.మీ.కి తగ్గకూడదు. 180 కనిపించగానే సరిపోయిందనుకుంటే అసలు హోస్ లోపలి వైపు 168 దగ్గర వంగి ఉంటుంది. దీన్ని మామూలు స్ప్లైన్ టూల్ పట్టుకోదు. రేడియస్ హోస్ సగం వ్యాసం కన్నా చిన్నదైతే స్వీప్ (గీత వెంట గుండ్రటి ఆకారాన్ని లాగి పైపు చేసే కమాండ్) ఫెయిలవుతుంది గానీ, 100 మి.మీ. దగ్గర వంచితే ఏ ఎర్రర్ లేకుండా అందమైన పైపు తయారవుతుంది.

పొడవు. హోస్‌ను కోసి, ఫిట్టింగులు క్రింప్ చేసి (నొక్కి బిగించి) తెస్తారు. షాపువాడికి కావాల్సింది ఒక అంకె. పైగా ప్రెషర్ ఎక్కినప్పుడు హోస్ పొడవు మారుతుంది: ఎస్ఏఈ (అమెరికా ఇంజనీర్ల సంస్థ) ప్రమాణాలు 2 శాతం పెరగడం నుంచి 4 శాతం తగ్గడం దాకా ఒప్పుకుంటాయి. 1200 మి.మీ. హోస్ 48 మి.మీ. వరకు కుంచించుకోవచ్చన్నమాట. బిగుతుగా గీసిన స్ప్లైన్ పొడవును ఉన్నదున్నట్టు రాసి పంపితే ఫిట్టింగ్ దగ్గర లాగేస్తుంది.

ఇవి కాక, ఆ హోస్ ఎన్ని అసెంబ్లీల్లోకి వెళ్తుంది, ఫైలును మీరొక్కరే తెరుస్తారా టీమంతా తెరుస్తుందా అన్నవి కూడా చూడాలి. ఒంటరిగా పనిచేసేవాళ్లకు ఇవి పట్టవు. టీమ్‌లో మాత్రం సగం తలనొప్పులు వీటివల్లే.

## కర్వ్ ఎక్కడ ఉండాలి: నాలుగు దారులు

### అసెంబ్లీలోనే నేరుగా 3డీ స్కెచ్

ఏ పార్టునూ ఎడిట్ చేయకుండా పై స్థాయిలోనే స్కెచ్ తెరిచి ఒక ఫిట్టింగ్ నుంచి ఇంకో ఫిట్టింగ్‌కు స్ప్లైన్ లాగడం. అన్నిటికన్నా వేగమైన దారి. కొటేషన్ ఇచ్చే దశలో "హోస్ ఎంత పడుతుంది, దారిలో ఏమైనా అడ్డు తగులుతుందా" అన్న ప్రశ్నకు ఇది చాలు. మెజర్ టూల్ పెడితే పొడవు చెప్పేస్తుంది.

కానీ ఆ గీత మీద పైపు పోయలేరు. సాలిడ్‌వర్క్స్‌లో అసెంబ్లీ స్థాయిలో కట్‌లు, హోల్స్ లాంటివే ఉంటాయి, మెటీరియల్ కలిపే స్వీప్ ఉండదు. సరే, ఆ స్కెచ్‌ను ఒక పార్ట్‌లోకి కన్వర్ట్ చేసుకుందాం అనుకుంటే, స్కెచ్ పార్టుల మీద, హోస్ పార్ట్ స్కెచ్ మీద ఆధారపడి ఒక గొలుసు తయారవుతుంది. రెండోసారి రీబిల్డ్ కొడితే (మోడల్‌ను మళ్లీ లెక్కించమంటే) గానీ సరైన చోటికి రాని మోడళ్లు ఎక్కువగా ఇలా పుట్టినవే. అంచనా వరకు వాడుకుని, పని అయ్యాక ఆ స్కెచ్‌ను తీసేయడం మంచిది.

### అసెంబ్లీలో కూర్చునే కొత్త పార్ట్ (ఇన్-కాంటెక్స్ట్)

ఎక్కువమందికి నేను చెప్పే దారి ఇదే. అసెంబ్లీ తెరిచి ఉండగానే కొత్త పార్ట్ మొదలుపెట్టి, చుట్టుపక్కల ఫిట్టింగులను పట్టుకుని, ఆ పార్ట్ లోపలే 3డీ స్కెచ్ గీస్తారు. హోస్‌కు తన ఫైల్, తన పార్ట్ నంబర్, బీఓఎంలో (పార్టుల జాబితాలో) తన వరస ఉంటాయి.

గీసే క్రమం ముఖ్యం. ఫిట్టింగ్ ముఖం మధ్య నుంచి దాని అక్షం వెంట ముందుగా ఒక తిన్నటి గీత గీయండి. హోస్ ఫిట్టింగ్ దాటిన వెంటనే వంగకూడదు కాబట్టి బయటి వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు తిన్నగా వదలాలి, మన హోస్‌కు 35 మి.మీ. ఫిట్టింగ్ సాకెట్ ఆ లెక్కలోకి రాదు. రెండో కొసన కూడా ఇలాగే. ఇప్పుడు రెండు గీతల చివర్లను స్ప్లైన్‌తో కలిపి, రెండు వైపులా టాంజెంట్ రిలేషన్ (మలుపు లేకుండా నున్నగా కలిసేలా) ఇవ్వండి. అది అయ్యాకే మధ్యలో ఒక పాయింట్ అవసరమా అని ఆలోచించండి.

కొత్తవాళ్లు ముందే ఏడెనిమిది పాయింట్లు క్లిక్ చేసి, తర్వాత ఒక్కొక్కటీ జరుపుతూ కూర్చుంటారు. పాయింట్లు పెరిగేకొద్దీ కర్వ్ అలలు తిరుగుతుంది. కర్వేచర్ కోంబ్ (వంపు ఎక్కడ ఎంతో పళ్ల ఎత్తుతో చూపేది) ఆన్ చేస్తే ఆ దువ్వెన పళ్లు ఒకసారి ఇటూ ఒకసారి అటూ లేస్తూ కనిపిస్తాయి. నిజం హోస్ అలా వంగదు.

ఇంకో మాట. 3డీ స్కెచ్‌లో పాయింట్‌ను లాగితే అది మీరు చూస్తున్న దిశకు అడ్డంగా జరుగుతుంది, లోతు మాత్రం తెలియదు. ముందు నుంచి చూస్తే బ్రాకెట్ క్లాంప్ మధ్యలోంచి చక్కగా పోయినట్టుంటుంది, పక్క నుంచి చూస్తే అర అడుగు దూరంలో గాల్లో వేలాడుతూ ఉంటుంది. స్క్రీన్‌ను రెండు వ్యూలుగా చీల్చుకుని లాగండి. ఇంకా మంచిది, మధ్య పాయింట్‌ను క్లాంప్ సెంటర్‌కు కోఇన్సిడెంట్ చేసేయడం (అదే చోట అతికించడం).

ఈ దారికి ఉన్న ఇబ్బంది బయటి రిఫరెన్సులు. పక్క పార్ట్ మారితే ఇదీ మారుతుంది. అదే మనకు కావాల్సిందీ, అదే టెన్షన్ పెట్టేదీ. సాలిడ్‌వర్క్స్‌లో ఫీచర్ పేరు పక్కన "->" గుర్తు ఉంటే బయట మీద ఆధారపడిందని అర్థం, "->?" ఉంటే ఆ అసెంబ్లీ ఇప్పుడు తెరిచి లేదని. డిజైన్ ఖాయమయ్యాక రిఫరెన్సులను లాక్ చేయండి, గుర్తు "->*" అవుతుంది. బ్రేక్ చేయడం ("->x") అంటే సంబంధాన్ని తెంచేయడం, అది మాత్రం బాగా ఆలోచించి చేయాల్సిన పని.

### స్కెలిటన్ పార్ట్

ఇక్కడ హోస్ నేరుగా వాల్వ్‌నూ సిలిండర్‌నూ పట్టుకోదు. మెషిన్‌లోని ముఖ్యమైన పాయింట్లు, అక్షాలు, ప్లేన్లు ఒకే స్కెలిటన్ పార్ట్‌లో ఉంటాయి. వాల్వ్ దాన్ని చూసి కూర్చుంటుంది, హోస్ కూడా దాన్నే చూసి గీసుకుంటుంది. సంబంధాలు ఒకే దిశలో పోతాయి కాబట్టి గొలుసు చుట్టుకోవడం ఉండదు. క్రియో, కాటియా, ఎన్ఎక్స్ వాడే పెద్ద టీములకు ఇది నిత్యం చేసే పని.

ధర ఏమిటంటే, మొదట్లో ఓపిక. పోర్టులు ఎక్కడ వస్తాయో డిజైన్ మొదలయ్యేటప్పుడే కొంతైనా తెలిసి ఉండాలి. ఒక్క మెషిన్, మూడు హోసులు ఉన్న పనికి స్కెలిటన్ కట్టడం పెళ్లికి ముందే పిల్లలకు పేర్లు పెట్టుకోవడం లాంటిది.

### రూటింగ్ మాడ్యూల్

సాలిడ్‌వర్క్స్ రూటింగ్, ఇన్వెంటర్‌లోని ట్యూబ్ అండ్ పైప్, కేబుల్ అండ్ హార్నెస్, క్రియో పైపింగ్, కేబులింగ్ ఈ కోవలోవి. ఫిట్టింగ్‌కు కనెక్షన్ పాయింట్ పెట్టి ఉంచితే చాలు, లాగి వదలగానే స్ప్లైన్, పైపు, పొడవు, బీఓఎం అన్నీ వస్తాయి. కనీస బెండ్ రేడియస్ ముందే ఇచ్చి ఉంటే అది తగ్గినప్పుడు హెచ్చరిస్తుంది. మిగతా మూడు దారుల్లో ఆ కాపలా మీదే.

కష్టమంతా లైబ్రరీ దగ్గర. సప్లయర్ సైట్ నుంచి తెచ్చుకున్న స్టెప్ ఫైల్ (ఏ క్యాడ్‌లోనైనా తెరుచుకునే ఫార్మాట్) ఫిట్టింగ్‌కు కనెక్షన్ పాయింట్లు ఉండవు. ప్రతి సైజుకూ మీరే పెట్టుకోవాలి. ఆ పనికి మనిషిని కేటాయించని ఆఫీసుల్లో రూటింగ్ లైసెన్స్ కొన్నా, జనం పాత పద్ధతిలో స్వీప్ చేసుకుంటూనే ఉంటారు.

| | అసెంబ్లీ స్కెచ్ | ఇన్-కాంటెక్స్ట్ పార్ట్ | స్కెలిటన్ | రూటింగ్ |
|---|---|---|---|---|
| మొదలుపెట్టే శ్రమ | దాదాపు లేదు | తక్కువ | ఎక్కువ | లైబ్రరీ వల్ల చాలా ఎక్కువ |
| పక్క పార్ట్ జరిగితే | వెంట వస్తుంది, రీబిల్డ్ తంటా | వెంట వస్తుంది, లాక్ చేయొచ్చు | స్కెలిటన్ మారితేనే మారుతుంది | వెంట వస్తుంది |
| బెండ్ రేడియస్ | చేత్తో చూసుకోవాలి | చేత్తో చూసుకోవాలి | చేత్తో చూసుకోవాలి | హెచ్చరిక వస్తుంది |
| పొడవు బీఓఎంలోకి | రాదు | ప్రాపర్టీగా పెట్టుకోవాలి | ప్రాపర్టీగా పెట్టుకోవాలి | దానంతట అదే |
| ఎప్పుడు | కొటేషన్, అంచనా | కొద్దిపాటి హోసులు | పెద్ద టీమ్, చాలా మార్పులు | ప్రతి మెషిన్‌లో పదుల కొద్దీ హోసులు |

## కదిలే సిలిండర్ ఉంటే

లోడర్ ఆర్మ్ కిందున్నప్పుడు హోస్ వదులుగా, పైకి లేచినప్పుడు లాగినట్టు ఉంటుంది. కానీ హోస్ పొడవు ఒకటే. స్ప్లైన్‌కు ఆ సంగతి తెలియదు. కొసలు దూరమైతే సాగుతుంది, దగ్గరైతే కుంచించుకుంటుంది. దానికి బరువు లేదు, బిగువు లేదు.

కాబట్టి రెండు చివరి స్థితులకూ విడివిడిగా గీయాలి. ఎక్కువ పొడవు అడిగే స్థితిలో హోస్ పొడవు తేల్చుకోండి, కుంచించుకోవడానికి వదులు కలపండి. తర్వాత రెండో స్థితిలో మధ్య పాయింట్లను జరుపుతూ అదే పొడవు వచ్చేలా చేసి, అక్కడ రేడియస్ చూడండి. మెడ విరిగేది ఎక్కువగా ఈ రెండో స్థితిలోనే. వీలైనంతవరకు కదలికంతా ఒకే ప్లేన్‌లో ఉండేలా పోర్టుల దిశ మార్చుకోండి. మెలి తిరిగే హోస్ ఎక్కువ కాలం ఉండదు.

ఒకే పార్ట్‌ను రెండు ఆకారాల్లో చూపించడానికి సాలిడ్‌వర్క్స్ 2020 వెర్షన్ నుంచి "మేక్ పార్ట్ ఫ్లెక్సిబుల్" అనే సదుపాయం ఉంది. బీఓఎంలో ఒక్క పార్ట్ నంబరే ఉంటుంది, ఒక్కో చోట ఒక్కో ఆకారంలో కూర్చుంటుంది. ఇన్వెంటర్‌లో అడాప్టివ్ పార్ట్‌కు (పక్క పార్టును బట్టి ఆకారం మార్చుకునేదానికి) ఆ స్వేచ్ఛ లేదు, ఒక్క చోట మాత్రమే అడాప్టివ్‌గా ఉంటుంది. హోస్ బరువు, బిగువు కూడా లెక్కలోకి రావాల్సిన పనైతే, అంటే రోబో చేతి మీద కేబుళ్ల లాంటిదైతే, ఐపీఎస్ కేబుల్ సిమ్యులేషన్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మామూలు క్యాడ్‌తో కుస్తీ పట్టడం దండగ.

## ఏ రకం స్ప్లైన్?

ఫిట్ పాయింట్ స్ప్లైన్ మీరు పెట్టిన పాయింట్ల గుండా పోతుంది. క్లాంపుల్లోంచి పోయే హోస్‌కు ఇదే కావాలి. కంట్రోల్ పాయింట్ స్ప్లైన్ పాయింట్ల వైపు వంగుతుంది గానీ మధ్యవాటిని తాకదు. నునుపు దీనిదే బాగుంటుంది, హెల్మెట్, బైక్ ట్యాంక్ లాంటి బయటి ఆకారాలకు దీన్ని వాడండి. మూడోది బ్రిడ్జింగ్ కర్వ్: రెండు కొసల గీతలను ఎంచుకుంటే మధ్యలో టాంజెంట్‌గా తనే వంతెన వేస్తుంది. క్లాంప్ లేని చిన్న హోస్‌కు ఇంతకన్నా సులువైనది లేదు. ఇది కొన్ని సాఫ్ట్‌వేర్లలోనే విడి కమాండ్‌గా ఉంటుంది. లేనిచోట రెండు పాయింట్ల స్ప్లైన్ గీసి టాంజెంట్ హ్యాండిల్స్ లాగితే అదే పని జరుగుతుంది.

## సాఫ్ట్‌వేర్ వారీగా

సాలిడ్‌వర్క్స్. పైన చెప్పిన ఇన్-కాంటెక్స్ట్ పనికి చేతికి బాగా అలవాటయ్యేది ఇదే. స్ప్లైన్ మీద రైట్ క్లిక్ చేస్తే కనీస రేడియస్ ఎక్కడుందో, ఎంతో అక్కడికక్కడే చూపిస్తుంది. స్వీప్‌లో సర్క్యులర్ ప్రొఫైల్ ఉంది కాబట్టి వలయం స్కెచ్ విడిగా గీయక్కర్లేదు. కొత్త పార్ట్ ఫైలుగా సేవ్ చేయకుండా అసెంబ్లీ లోపలే వర్చువల్‌గా ఉంచుకోవచ్చు, ఖాయమయ్యాక బయటికి తీయొచ్చు. రూటింగ్ మాత్రం ప్రీమియం లైసెన్స్‌లోనే.

ఇన్వెంటర్. 3డీ స్కెచ్‌లో రెండు రకాల స్ప్లైన్లూ ఉన్నాయి. దీని బలం ట్యూబ్ అండ్ పైప్. ఫ్లెక్సిబుల్ హోస్‌కు విడిగా స్టైల్ పెట్టుకుని కనీస బెండ్ రేడియస్ ఇవ్వొచ్చు. హోసులు ఎక్కువుండే హైడ్రాలిక్ పవర్ ప్యాక్ పనికి బాగా నప్పుతుంది.

ఫ్యూజన్. స్కెచ్ ప్యాలెట్‌లో 3డీ స్కెచ్ టిక్ పెట్టాలి, అది మర్చిపోతే పాయింట్ ప్లేన్ వదిలి రాదు. గీసేముందు హోస్ కాంపోనెంట్‌ను యాక్టివేట్ చేయాలి, లేకపోతే స్కెచ్ పైన రూట్‌లో పడుతుంది. పైప్ కమాండ్ బాగుంటుంది, గీతను చూపించి వ్యాసం ఇస్తే చాలు. జాగ్రత్త పడాల్సింది టైమ్‌లైన్ దగ్గర: స్కెచ్ గీశాక జాయింట్‌ను కదిపితే పైపు వెంట రాదు. కదలని హోసులకు ఫ్యూజన్ హాయి, కదిలేవాటికి చిరాకు.

ఆన్‌షేప్. టీమ్ పనికి దీని ఆలోచన నాకు నచ్చుతుంది. అసెంబ్లీని చూస్తూ పార్ట్ గీసినప్పుడు ఆ క్షణానికి ఉన్న స్థితిని పట్టి ఉంచుతుంది. మీరు "అప్‌డేట్ కాంటెక్స్ట్" అన్నప్పుడే కొత్త స్థితికి మారుతుంది. పక్కవాళ్లు వాల్వ్ జరిపారని మీ హోస్ చెప్పాపెట్టకుండా వంగిపోదు. 3డీ ఫిట్ స్ప్లైన్, బ్రిడ్జింగ్ కర్వ్ రెండూ విడి ఫీచర్లే. బ్రౌజర్‌లో నడుస్తుంది, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు. ఉచిత ప్లాన్‌లో మీ డాక్యుమెంట్లు అందరికీ కనిపిస్తాయి, కస్టమర్ డిజైన్ అందులో పెట్టకండి.

ఫ్రీక్యాడ్. అసెంబ్లీ వర్క్‌బెంచ్ 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌తో లోపలే కలిసి వచ్చింది. స్కెచర్‌లోని బీ-స్ప్లైన్ 2డీకే పరిమితం. 3డీ కావాలంటే డ్రాఫ్ట్ బీ-స్ప్లైన్‌తో పాయింట్లు స్నాప్ చేయాలి, కానీ అది కొసన టాంజెంట్ పట్టదు. కర్వ్స్ అనే యాడాన్ వేసుకుంటే బ్లెండ్ కర్వ్ వస్తుంది, రెండు తిన్నటి గీతలకు వంతెన వేసే పని అది చక్కగా చేస్తుంది. బయటి అంచులను సబ్‌షేప్ బైండర్‌తో తెచ్చుకోవాలి. రూపాయి ఖర్చు లేదు, ఓపిక ఖర్చు ఉంది.

క్రియో, ఎన్ఎక్స్, కాటియా. కర్వ్ మీద పట్టు వీటిలో ఎక్కువ. ప్రతి పాయింట్ దగ్గరా దిశ, టెన్షన్ ఇచ్చుకునేంత వెసులుబాటు కాటియా స్ప్లైన్‌లో ఉంటుంది. కానీ ఒక్క హోస్ కోసం వీటిలోకి మారేవాళ్లు ఉండరు. కంపెనీలో ఉంటే వాడతారు, అంతే.

## మీరు ఎవరైతే ఏది

ఇంజనీరింగ్ స్టూడెంట్ అయి, బాహా (కాలేజీ టీములు బగ్గీ తయారుచేసే పోటీ) లాంటి పోటీకి బ్రేక్ లైన్లు గీస్తున్నట్టయితే, కాలేజీలో ఏది ఉంటే దానిలో ఇన్-కాంటెక్స్ట్ దారి నేర్చుకోండి. ఇంటర్వ్యూలో అడిగేది కూడా బయటి రిఫరెన్సుల గురించే, స్ప్లైన్ డిగ్రీ గురించి కాదు. టీమ్‌లో నలుగురు ఒకే కారు మీద పడి ఉంటే ఆన్‌షేప్ వైపు చూడండి.

పెద్ద కంపెనీలో ఉన్నవాళ్లకు ఎంపిక మీ చేతిలో ఉండదు. ఒకటి మాత్రం అడిగి తెలుసుకోండి: పార్టుల మధ్య నేరుగా రిఫరెన్సులు పెట్టడానికి అనుమతి ఉందా? చాలాచోట్ల ఉండదు, స్కెలిటన్ ద్వారానే పోవాలి. తెలియక పెడితే చెక్-ఇన్ దగ్గర (ఫైలును కంపెనీ సర్వర్‌లో పెట్టేటప్పుడు) వెనక్కి వస్తుంది.

వైర్ హార్నెస్ (వైర్ల కట్ట) ప్రధానంగా ఉన్న పనికి చేత్తో స్ప్లైన్లు వద్దు. కట్టలో ముప్పై వైర్లుంటే, అందులో ఒక్కటి కనెక్టర్ మారినా మొత్తం మళ్లీ గీయాలి. అక్కడ రూటింగ్ లైసెన్స్ డబ్బు తిరిగొస్తుంది.

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల లాంటి చోట్ల ఆర్డర్‌ను బట్టి ఒక్కో మెషిన్ చేసే చిన్న షాపులకు రూటింగ్ అక్కర్లేదు, స్కెలిటన్ అక్కర్లేదు. ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే హోస్‌కు ఒక ఇన్-కాంటెక్స్ట్ పార్ట్, రెండు కొసల తిన్నటి గీతలు, మధ్యలో మహా అయితే రెండు పాయింట్లు. నా లెక్కలో ఒక మెషిన్‌కు పదిహేను, ఇరవై హోసులు దాటి, అలాంటి మెషిన్లు మళ్లీ మళ్లీ వస్తుంటేనే లైబ్రరీ కట్టే ఆలోచన చేయాలి. క్రింపింగ్ షాపుకు పంపే కాగితం మీద పొడవు ఏ కొస నుంచి ఏ కొసకో, అంటే ఫిట్టింగ్ సీటు నుంచి సీటుకా లేక హోస్ కోత పొడవా అన్నది రాయండి. రెండు వైపులా వంపు ఫిట్టింగులుంటే వాటి మధ్య తిరుగుడు కోణం కూడా మోడల్ నుంచి కొలిచి రాయండి. అది లేకుండా పంపితే షాపువాడు రెండూ ఒకే వైపు చూసేలా క్రింప్ చేసి ఇస్తాడు, మెషిన్ మీద బిగించేటప్పుడు హోస్ మెలి తిరుగుతుంది.